కాక డొల్లన్న రాయి

ఆ రాయి ఇంకా పడలేదు.

చౌరస్తాలో ఫొటో స్టూడియో అద్దం వెనక మొన్న ఒక పెద్ద ఫొటో పెట్టారు. సముద్రం ఒడ్డున గుడారం వేసుకుని కాలేజీ పిల్లలు వరసగా నిలబడి పళ్లికిలిస్తున్నారు. వాళ్ల వెనక కొండ. కొండ నుంచి వసారాలా ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద బండ. దాని కింద వాళ్ల పొయ్యి, గిన్నెలు, ఆరేసిన బనీన్లు. సెకండ్ షిఫ్టుకు పోతున్నవాణ్ని అక్కడే నిలబడిపోయాను. స్టూడియో అతను బయటికొచ్చి అడిగాడు.

"ఏందన్నా, గంత సేపు చూస్తున్నవ్? పిల్లలు మనోళ్లా?"

"పిల్లలు ఎవలో నాకెర్క లేదు. రాయి మాత్రం మనదే" అన్నాను.

అతను నన్ను ఎరిగినవాడు. నేను చెప్పే మాటను సగానికి కోసి, ఆ సగాన్ని ఆరబెట్టి, తర్వాత నమ్మాలన్నది మా కాలనీలో పాత నియమం. నవ్వి లోపలికి పోయాడు. కానీ ఈసారి నేను చెప్పింది కోయాల్సిన అవసరం లేని మాట. ఆ రాయి మాదే. మా సర్దారు కాక దానిమీద చేయి పెట్టి, డొల్ల అని తీర్పు చెప్పి, మమ్మల్ని దాని కింది నుంచి వానలోకి తోలాడు. ఆయన పోయి రెండేళ్లు దాటింది. రాయి మాత్రం ఇంకా పిల్లల బనీన్లు మోస్తూ నిలబడే ఉంది.

కాక పేరు రాయను. రాసినా లాభం లేదు, మస్టరు రాసే గుమాస్తాకు తప్ప ఆ పేరు ఎవరికీ తెలియదు. బొగ్గుబాయి మీద ఆయన అందరికీ కాకే. మేనేజరు దొర కూడా ఒకసారి పొరపాటున "కాకా" అని పిలిచి, తర్వాత దగ్గి సర్దుకున్నాడు. బెల్లంపల్లి నుంచి వచ్చాడని మాత్రం తెలుసు. మిగతావన్నీ అడిగితే "చూద్దాం పా" అనేవాడు.

ఆయన పని ఏమిటో చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. భూమి కింద బొగ్గును మందుపెట్టి పేలుస్తారు. పొగ చల్లారాక మాలాంటి ఫిల్లర్లు తట్టా, చెమ్మస్ అనే పారా పట్టుకుని పోయి ఆ బొగ్గును టబ్బుల్లోకి ఎత్తాలి. కానీ మా కంటే ముందు సర్దారు పోవాలి. ఆయన చేతిలో ఇనుప పొన్ను వేసిన కర్ర ఉంటుంది. దాంతో నెత్తిమీది రాతి కప్పును కొడతాడు. ఖంగుమంటే గట్టిది. డబ్బుడబ్బుమంటే డొల్ల, అంటే లోపల పొర విడిచిందన్నమాట. గట్టిదంటే పని. డొల్లంటే వెనక్కి. ఇంతే. ఈ రెండు మాటల మధ్యనే మా పెళ్లాలు బొట్టు పెట్టుకునేవాళ్లు.

సర్దార్లందరూ కొడతారు. కాక కొట్టే తీరు వేరు. కుడిచేత్తో కర్ర, ఎడమ అరచేయి రాతికి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. జ్వరమొచ్చిన పిల్ల నుదుటిమీద చేయి పెట్టినట్టు. ఒక దెబ్బ, కాసేపు ఆగడం, ఇంకో దెబ్బ. తర్వాత ఒకటే మాట. ఆ మాట తర్వాత 'ఎట్ల?' అని అడిగినవాడు లేడు. కొత్తగా వచ్చిన ఒక ఫిల్లరు అడగబోయాడట. 'ఎ' అని నోరు తెరిచేసరికి రాయి కూలింది, మిగిలిన 'ట్ల'ను అతను బయటికి ఉరికొచ్చి పూర్తి చేశాడట. ఇది నేను కల్పించిందేనని గిట్టనివాళ్లు అంటారు. కల్పించిందే. కానీ ఇది విన్న ఏ ఒక్క ఫిల్లరూ "అట్ల కాకపోవచ్చు" అనలేదు. అదీ కాక మాట బరువు.

పైకొస్తే ఆయన వేరే మనిషి కాడు. చాయ్ హోటల్లో గోడకు వీపు ఆనించి, అందరి ముఖాలూ కనిపించే మూల బెంచీ మీదే కూర్చునేవాడు. ఆ బెంచీ మీద ఎవరైనా కూర్చుంటే నిలబడి తాగేవాడు తప్ప ఇంకోచోట కూర్చోడు. ఎదుటివాడు మాట్లాడుతుంటే వాడి ముఖాన్ని నమిలి మింగేటట్టు చూసేవాడు. మేమంతా నవ్వాక ఒక క్షణం ఆగి నవ్వేవాడు. తాను చెప్పాల్సింది చెప్పి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయేవాడు. పెద్దరికమంటే ఇదిరా అనుకునేవాళ్లం. టబ్బులు లాగే యంత్రం నడిపే మా హాలర్ ఖాజా అయితే అద్దంలో చూసుకుంటూ ఆ నడక నేర్చుకోబోయి, ఎవడో వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసి చెడగొట్టుకునేవాడు.

ఇంట్లో చిన్నమ్మ, అంటే కాక భార్య, ఆయనను నోటితో పిలవగా మేం వినలేదు. దగ్గరికొచ్చి భుజం తట్టేది. మా వాడకట్టులో మొగుణ్ని తట్టి పిలిచే ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆడవాళ్లు అది చూసి ఒకరినొకరు గిల్లుకునేవాళ్లు, "ఈ వయసుల గూడ ఎంత ప్రేమనే" అని.

అది ప్రేమే. కానీ సగం.

మిగతా సగం సంగతి మొదట పసిగట్టింది ఖాజా. ఒకరోజు చాయ్ హోటల్లో కాక గ్లాసులోకి చూస్తూ తాగుతుండగా, పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

"కాకా, నీ ఇల్లు తగలబడుతున్నది."

కాక తల తిప్పి ఖాజా ముఖం చూశాడు. ఖాజా పెదవులు అప్పటికే ఆగిపోయాయి.

"చూద్దాం పా" అన్నాడు కాక.

హోటలంతా నవ్వింది. ఒక క్షణం ఆగి కాకా నవ్వాడు. ఖాజా మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం నన్నూ, యోహానునూ పక్కకు తీసుకుపోయాడు. యోహాను నాతోపాటు ఫిల్లరే. అబద్ధమాడితే ఆదివారం ప్రార్థన దాకా నిద్రపట్టని మనిషి. మా ఇద్దరికీ స్నేహం ఎలా కుదిరిందో ఆ దేవుడికే తెలియాలి.

"కాకకు ఇనపడుతలేదు భాయ్" అన్నాడు ఖాజా.

"నీ మొకం. రాయి చెప్పేది ఇంటున్నడు గద" అన్నాను.

"అదే నాకు సమజైతలేదు. పండుగ తర్వాత దవాఖానకు పెద్ద డాక్టర్ వస్తున్నడట. సర్దార్లందరి చెవులు చూస్తడట."

చెవి లేదని తేలితే అన్‌ఫిట్. అన్‌ఫిట్ అంటే పొన్నుకర్ర పోతుంది. కర్ర పోయాక కాకలో ఏం మిగులుతుందో మాకు తెలియదు. కర్ర పోకపోతే మేం మిగులుతామో లేదో, అది అంతకన్నా తెలియదు. రోజూ ఆయన చెవి కింద తలపెట్టి బతికేవాళ్లం మేమే కదా.

"అడుగుదాం" అన్నాడు యోహాను.

"బాయికాడ అడుగుతవా? నలుగురు ఇంటే ఇజ్జత్ ఏమైతది? దూరం తీస్కపోవాలె. మనోడన్నోడు లేని తావుకు. ఆడ అడగాలె" అన్నాడు ఖాజా.

దూరం ఎలా తీసుకుపోవాలన్నది నా వల్ల తేలింది, నేను తేల్చాలనుకోకుండానే. అప్పటికి నేను చూసిన పెద్ద నీళ్లంటే వరదొచ్చిన గోదావరే. అయినా చాయ్ హోటల్లో సముద్రం గురించి నా అంత సాధికారంగా మాట్లాడేవాడు లేడు. ఆ వారం నేను సముద్రానికి షిఫ్టులుంటాయని చెబుతున్నాను. పొద్దున డ్యూటీ ఎక్కుతుంది, మధ్యాహ్నం దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది, ఒక్కరోజు కూడా నాగా పెట్టదు. ఇంకా చెప్పాను: అక్కడ అలల మోత ఎంతంటే మనిషి మాట మనిషికి వినపడదు. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. మొగుడూ పెళ్లాలకు కొట్లాట లేదు, ఎవరేమన్నారో తెలిస్తే కదా.

మూల బెంచీ మీద కాక గ్లాసు కింద పెట్టాడు. నా పెదవులనే చూస్తున్నాడు.

"ఎవ్వని మాట ఎవ్వనికి ఇనపడదా?"

"అస్సలు ఇనపడదు కాకా."

"నిజంగనా?"

"నేనెప్పుడన్న అబద్దమాడిన్నా?"

హోటలంతా గొల్లుమంది. కాక నవ్వలేదు. "పోదాం పా" అన్నాడు.

మేం ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఆయనను అడగడానికి మేం తీసుకుపోతున్నామనుకున్నాం. ఆయన ఎందుకు వస్తున్నాడో అప్పుడు ఆలోచించలేదు. ఎవరికీ ఏదీ వినపడని ఊరొకటి ఉందంటే, ఆయనకు అది కాశీ కన్నా ఎక్కువని నాకు తర్వాత గానీ వెలగలేదు.

యోహాను తండ్రి విశాఖ అవతలి ఒక పల్లె నుంచి పొట్ట చేతపట్టుకుని బొగ్గుబాయికి వచ్చినవాడు. ఆ పల్లెలో యోహాను చిన్నాన్న కొడుకు, వరసకు తమ్ముడు, ఇంకా చేపల వేటకు పోతుంటాడు. కొండ ఒక కాలు సముద్రంలో పెట్టుకుని కూర్చున్న ఊరు. చలికాలం వస్తే కాలేజీ పిల్లలు గుడారాలు మోసుకుని వచ్చి ఇసుకలో పడుకుంటారట, తెల్లారాక కొండెక్కి అవతలి ఒడ్డు దాకా నడుస్తారట.

"ఇండ్లున్నోళ్లు ఇసుకల పండుడేంది? పైకి, కిందికి నడిస్తే వాళ్లకేమన్న అలవెన్సు ఇస్తరా?" అన్నాడు ఖాజా. రోజూ ఏటవాలు దారిలో భూమి లోపలికీ బయటికీ నడిచేవాడికి ఊరికే కొండెక్కడమంటే నమ్మకం కలగదు.

నలుగురం లీవు పెట్టాం. గాలి మళ్లించడానికి బాయిలో కట్టే తారుగుడ్డ చినిగిందని పారేస్తే, ఆ ముక్కను యోహాను గుడారానికని మడిచి పెట్టుకున్నాడు. కాక ఒక చేతిసంచి, పొన్నుకర్ర తెచ్చుకున్నాడు. రామగుండంలో రైలెక్కేటప్పుడు "కర్ర ఎందుకు కాకా?" అని అడిగాను. నా ముఖం చూసి, "చూద్దాం పా" అన్నాడు.

సముద్రాన్ని మొదటిసారి చూసిన సంగతి పెద్దగా చెప్పను. అబద్ధాలు చెప్పేవాడికి అదొక అవమానం. నేను పెంచి చెప్పిందంతా పోగేసినా దాని అంచు తడవలేదు. పైగా యోహాను తమ్ముడు మధ్యాహ్నం పడవ లాగుతూ, "ఇప్పుడు పాటు, సాయంత్రం మళ్లీ పోటెక్కుద్ది, రోజుకి రెండుసార్లండి" అన్నాడు. షిఫ్టుల సంగతి నిజమై కూర్చుంది. ఇలాంటిదే నాకు భయం. కష్టపడి అల్లిన అబద్ధం ఒక్కోసారి నిజమై పరువు తీస్తుంది.

మోత సంగతి కూడా దాదాపు నిజమే. ఆ రోజు గాలి ఎక్కువ. నీళ్ల అంచున నిలబడితే పక్కవాడి చెవిలో అరవాలి.

"ఆఁ?" అంటాడు ఖాజా.

"ఏందీ?" అంటాను నేను.

"మళ్ల చెప్పు!" అంటాడు యోహాను.

మా ముగ్గురి మధ్య కాక నిలబడి, ముఖమంతా వెలిగిపోయి, చేతులు ఊపుతూ మాట్లాడాడు! మా ఎరుకలో నెలకు నాలుగు మాటలు మాట్లాడిన మనిషి. బెల్లంపల్లిలో తన పెళ్లినాడు ఎడ్లబండి వాగులో దిగబడిన కథ చెప్పాడు. తన మొదటి సర్దారు ఎంత లావంటే, ఆయన నడిస్తే పైకప్పుకు అదే పరీక్ష అని చెప్పాడు. ఆ మాట ఎంత నచ్చిందంటే, ఈ రోజు వరకూ అది నాదని చెప్పుకుంటున్నాను. అలను చూపించి ఖాజా భుజం గుద్ది, "నీకు గుస్సా వస్తె గూడ గిట్లనే రా. ఉరికి వస్తవ్, నురగ కక్కుతవ్, ఎన్కకు పోతవ్" అన్నాడు. ఖాజా "ఆఁ?" అన్నాడు. కాక పడీ పడీ నవ్వాడు. అది ఎవరి వెనకా నడవని నవ్వు.

గుడారం వేసేటప్పుడు మా పరువు పోయింది. బాయిలో కప్పు కింద దిమ్మె, అంటే ఆసరా గుంజ, నిలబెట్టే పద్ధతి మాకు తెలిసిన పద్ధతి. దిమ్మె మీద చెక్కమూత పెట్టి, సందులో చీలిక కొట్టి బిగిస్తే, పైనున్న బరువే దాన్ని నిలబెడుతుంది. సరుగుడు కర్ర తెచ్చి అలాగే బిగించాం. తారుగుడ్డకు బరువెక్కడిది? వదలగానే కర్ర ఒకవైపు, గుడ్డ ఒకవైపు, లోపల చీలిక కొడుతున్న ఖాజా ఒకవైపు. పక్కన దిగిన కాలేజీ పిల్లలు వచ్చి, తాళ్లు కట్టి, నేలలో మేకులు దిగ్గొట్టి నిలబెట్టారు.

"కర్ర మోయదండీ. తాళ్లు లాగి పట్టుకోవాలి" అన్నాడు వాళ్లలో ఒక కళ్లద్దాల అబ్బాయి.

లోపలికి పోయే ముందు కాక అలవాటు కొద్దీ కర్రెత్తి గుడ్డను కొట్టి, ఎడమచేయి ఆనించాడు. యోహాను తమ్ముడు నోరు తెరిచాడు.

"ఏటండీ ఇది? గుడ్డకి నాడి చూస్తన్నారేటి?"

"మాకు గిట్ల చూడంది నిద్ర పట్టది" అన్నాడు యోహాను. అది నిజమే.

ఆ రోజంతా అడగాల్సిన మాట ఎవరం అడగలేదు. ఆయన అంత సంతోషంగా ఉంటే నోరెలా వస్తుంది? రేపు కొండ మీద అడుగుదామని ముగ్గురం అనుకున్నాం. ఎవరు అడగాలన్నది అనుకోలేదు.

తెల్లారాక కొండ దారి పట్టాం. కాలిబాట సన్నం, ఒకవైపు జీడిచెట్లు, ఒకవైపు కింద సముద్రం. పైకి పోయేకొద్దీ మోత తగ్గింది. సగం దారిలో మాటలు మామూలుగా వినిపించసాగాయి. నేను ఖాజాతో మామూలు గొంతుతో ఏదో అన్నాను, ఖాజా బదులిచ్చాడు. ముందు నడుస్తున్న కాక వెనక్కి తిరిగి మా ముఖాలు చూశాడు. తర్వాత మాట్లాడలేదు. నిన్నటి మనిషి కింద ఒడ్డు మీదే ఆగిపోయినట్టు, మళ్లీ మా సర్దారు కాక నడుస్తున్నాడు.

కొండ దిగి, గాలి లేక అలల మోత తగ్గిన అవతలి ఒడ్డు చేరేసరికి వాన అందుకుంది. చుట్టూ చూస్తే పెద్ద బండ, వసారాలా. కళ్లద్దాల అబ్బాయి బృందం మా కంటే ముందే వచ్చి దాని కింద ఉప్మా వండుతున్నారు. "రండి, రండి, చోటుంది" అన్నారు. మేం దూరాం. కాక దూరలేదు. అంచున నిలబడి కర్రెత్తాడు.

ఒక దెబ్బ. అరచేయి రాతికి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఇంకో దెబ్బ.

ఖంగుమంది. నాకు వినిపించింది. ఖాజాకు, యోహానుకు వినిపించింది. చర్చి గంటలా, కొండ కడుపులోంచి వచ్చినట్టు, ఇంతకన్నా గట్టి రాయి మా బతుకులో కొట్టలేదు.

"డొల్ల" అన్నాడు కాక. "బయటికి నడువుండ్రి."

మా చెవులు ఒకటి విన్నాయి. కాళ్లు ఇంకొకటి విన్నాయి. మరుక్షణం ముగ్గురం వానలో ఉన్నాం. వచ్చింది మేమే కాదు, యోహాను ఒక చేత్తో ఉప్మా గిన్నె, ఇంకో చేత్తో కళ్లద్దాల అబ్బాయిని పట్టుకుని లాక్కొచ్చాడు. మిగతావాళ్లు బెదిరి వెనకే ఉరికొచ్చారు.

"ఏమైందండీ? ఎందుకు?" అన్నాడు ఆ అబ్బాయి, అద్దాలు తుడుచుకుంటూ.

"సర్దార్ చెప్పిండు" అన్నాడు యోహాను.

"ఎవరి సర్దారండీ?"

"అందరి సర్దార్" అన్నాను.

వానలో కూర్చుని రాయి పడటం కోసం చూశాం. అది పడలేదు. కింద నుంచి ఒక ఎండ్రకాయ నింపాదిగా బయటికొచ్చి, మమ్మల్ని చూసి, మళ్లీ లోపలికి పోయింది. గిన్నెలో ఉప్మా జావైంది.

"ఎప్పుడు పడుతుందండీ?" అన్నాడు అబ్బాయి.

"తొందర పెడితే రాయి పడదు" అన్నాను.

కాక ముఖం తుడుచుకోవడానికి కర్రను పొదకు ఆనించి తువ్వాల తీశాడు. ఖాజా లేచి ఆ కర్ర తీసుకున్నాడు. ఇంకొకరి చేతిలో ఆ కర్రను నేను చూడటం అదే మొదలు. పోయి బండ అంచును కొట్టాడు. ఇటు కొట్టాడు, అటు కొట్టాడు. ప్రతిచోటా ఖంగ్. ఖంగ్.

"గంటలా ఉందండీ" అని ముచ్చటపడింది ఒక కాలేజీ గొంతు.

కాక రాయి వైపు చూడలేదు. మా ముఖాలు చూశాడు. ఒకదాని తర్వాత ఒకటి. తర్వాత, బతుకులో మొదటిసారి, ఇంకొకరిని అడిగాడు.

"ఏమన్నదిరా?"

"డొల్లనే కాకా!" అన్నాను. నా నోరు నాకంటే ముందు ఉరికింది. "పచ్చి డొల్ల. ఇంకొద్దిగ ఆగినమంటె అందరం దాని కిందనే ఉంటుంటిమి. పొర విడిచిపెట్టి, లోపల గాలి ఆడుతున్నది..."

"గట్టిది కాకా" అన్నాడు యోహాను, అదే క్షణంలో, తల వంచుకోకుండా.

కాక ఇద్దరినీ చూశాడు. ఆయన మీసం కింద నవ్వు కదిలింది.

"ఇద్దరి మూతులు చూసిన. నిజం చెప్పెటోని మూతి ఒక్కసారి తెరుసుకుంటది, మూసుకుంటది. నీది గిర్నీ లెక్క తిరుగుతున్నది బిడ్డా."

ఇక అడగాల్సిందేమీ మిగల్లేదు. అయినా ఖాజా ఆయన ముందుకొచ్చి, ముఖం కనిపించేలా నిలబడి అడిగాడు.

"ఎప్పటిసంది కాకా?"

"పక్క దారిల మందు పేలింది సూడు, అప్పటిసంది. అన్ని ఒక్కపారి పోలే. మొదలు పిట్టలు పోయినయి. ఆ తర్వాత మీ చిన్నమ్మ పోయింది. ఆఖరుకు సైరన్ గూడ పోయింది."

"మరి రాయి?"

కాక ఎడమ అరచేయి చాపి చూపించాడు. "ఇది ఇన్నది. రాయి అదిరితే చేతికి తెలుస్తది. గట్టిది ఒక తీరు అదురుతది, డొల్ల ఒక తీరు. చెయ్యి ఉన్నది గద, చెవెందుకు అనుకున్న. ఇన్నొద్దులు తప్పలే. ఇయ్యాల తప్పింది."

"వానకు చెయ్యి చల్లబడ్డది కాకా. గందుకే" అన్నాడు యోహాను.

"బాయిల నీళ్లు కారవా?"

ఖాజా వదల్లేదు.

"ఏం మునిగింది కాకా? మంచిదాన్ని చెడ్డదన్నవ్. తడిసినం. గంతే గద."

"మంచిదాన్ని చెడ్డదన్న చెయ్యి, రేపు చెడ్డదాన్ని మంచిదంటది. ఈడ తప్పైతే తడుస్తం. ఆడ తప్పైతే పాడె మోస్తం." కాక తువ్వాల పిండుకున్నాడు. "డాక్టర్ వచ్చేదాక ఎందుకు? పోంగనే దొరకు నేనే చెప్త."

"అన్‌ఫిట్ చేస్తరు కాకా" అన్నాను. ఈసారి నా మూతి ఒక్కసారే తెరుచుకుంది.

"నన్ను వాళ్లు చేసుడేందిరా? రాయి సంగతి ఇన్నొద్దులు ఎవలు తేల్చిండ్రు? నేను. నా సంగతి గూడ నేనే తేల్చిన."

అన్నాక లేచాడు. ఎవరూ అనుకోని పని చేశాడు. తాను డొల్లన్న బండ కిందికి, ఆ మాట అన్న నోటితోనే, తిన్నగా నడిచిపోయి, పొయ్యి పక్కన కూర్చున్నాడు. డొల్లన్న కప్పు కింద అడుగుపెట్టిన సర్దారును నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

"రాండ్రి లోపలికి" అన్నాడు.

కాలేజీ పిల్లలు మా వైపు చూశారు. మేం కదల్లేదు. గట్టిదని చెవులకు తెలుసు. కానీ ఎన్నేళ్లుగానో ఆయన మాట మీద నడిచిన కాళ్లవి, చెవుల మాట అవి వినవు.

"ఏందిరా? నానుడే పనా?"

"నువ్వే డొల్లంటివి గద కాకా" అన్నాను.

కాక మమ్మల్ని కాసేపు చూశాడు. ఖాజా చేతిలో కర్ర ఇంకా ఉంది. ఖాజా దాన్ని రెండు చేతులతో ముందుకు చాపాడు, తీసుకొమ్మన్నట్టు. కాక చేయి చాపలేదు. తన నెత్తిమీది రాయిని వేలెత్తి చూపించాడు.

"నీ తాన్నే ఉంచు. ఈడ కొట్టు. సక్కగ ఇను. ఇని, నా మొకానికి ఎదురుంగ చెప్పు. నేను కిందనే కూసున్న."

ఖాజా బండ కిందికి పోయాడు. కాక తల పక్కనే కర్రెత్తి కొట్టాడు. ఆగాడు. ఇంకో దెబ్బ కొట్టాడు. ఖాజా తొందరపడలేదు, ఆ పక్కన కూడా కొట్టాడు, ఈ పక్కన కూడా కొట్టాడు. తర్వాత కాక ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో అక్షరం కనిపించేలా అన్నాడు.

"గట్టిది కాకా."

కాక ఆ పెదవులనే చూశాడు. చూసి, వీపును రాతికి ఆనించి, కాళ్లు రెండూ బారుగా చాపుకుని, "జావైతే ఏంది, ఉప్పు ఉన్నదా?" అని ఉప్మా గిన్నె కోసం చేయి చాపాడు.

అప్పుడు మా కాళ్లు కదిలాయి.